రెండో మోతాదు

దద్దుర్లు నిజంగా వచ్చాయా, లేక వచ్చాయని ఆయీ అందా అన్న దగ్గర వాదన చిక్కుకుపోయి అప్పటికి అరగంట దాటింది. పళ్ళేల్లో అటుకుల పోహా చల్లారిపోయింది. శిరీష్ నిమ్మచెక్క పట్టుకుని చెయ్యి తిప్పుతూ మాట్లాడుతున్నాడు కాబట్టి రసమంతా పళ్ళెంలో కాకుండా బల్ల మీద పడింది.

“నా కళ్ళతో నేను చూశాను. డాక్టరూ చూశాడు. ఆయీ చేతుల మీద ఏమీ లేవు,” అన్నాడు తల్లి గురించి. బీమా కంపెనీలో క్లెయిములు చూసే ఉద్యోగం అతనిది. జబ్బు చేసిందని ఎదుటివాళ్ళు అన్నప్పుడు నమ్మకపోవడానికే నెలనెలా జీతం తీసుకుంటాడు. ఇంటికొచ్చాక ఆ పని ఆపడం మర్చిపోతుంటాడు.

అతని అక్క మీనల్ ముందురోజే నాశిక్ నుంచి వచ్చింది. పుట్టింటికి వచ్చిందంటే ఏదో ఒకటి తేల్చకుండా వెళ్ళే మనిషి కాదు. “ఆయీకి ఏదైనా పడకపోవడం కొత్తేమిటి? వంకాయ పడదు, ఫ్యాను గాలి పడదు, ఫ్రిజ్‌లో పెట్టిన పిండి పడదు. నా పెళ్ళిలో మా మామగారు పడలేదు. ఆయన్ని చూసినప్పుడు కూడా ఒళ్ళంతా దురదనే అంది,” అంది.

శిరీష్ భార్య వృషాలి నవ్వాపుకోలేకపోయింది. అత్తగారు పార్కులో భజన బృందానికి వెళ్ళారు కాబట్టి ఆపుకోవలసిన అవసరం కూడా లేదు. ఇంట్లో ఉన్న పెద్దవారల్లా మామగారు నానా ఒక్కరే. ఆయన బాల్కనీలో పేపరు విప్పుకుని, అందులో ఉన్న మునిసిపల్ కమిషనరు ఫోటోను మెడ నరాలు లేచేలా తిడుతున్నారు. ఇంట్లో మాటలు ఆయన చెవిన పడే అవకాశం లేదు.

నవ్వింది కాని, విషయం నవ్వేది కాదని ముగ్గురికీ తెలుసు. ఆయీ బీపీ మాత్ర మానేసి నెల దాటింది. మొదట ఇచ్చిన మాత్రకి దగ్గు వచ్చిందంది. రెండోదానికి కాళ్ళు వాచాయంది, అవి నిజంగానే వాచాయి. మూడోది మొదలుపెట్టాక మూడు వారాలు ఏ గొడవా లేకుండా గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకునేసరికి, జ్వరం వచ్చిందనీ ఒంటి మీద దద్దుర్లు లేచాయనీ చెప్పి, ఎవరినీ అడక్కుండా ఆపేసింది. డాక్టరు దగ్గరికి శిరీష్ తీసుకెళ్ళేసరికి జ్వరమూ లేదు, చేతుల మీద మచ్చా లేదు. కొత్త సబ్బు అయివుంటుంది, మాత్ర మాత్రం మానొద్దు అన్నాడు డాక్టరు. ఆవిడ మానింది. ఆవిడ తల్లి ఇలాగే మందులు మానేసి, పక్షవాతంతో మంచం పట్టి, ఆ మంచం మీదే పోయింది. చిన్నప్పుడు ఆ అజ్జీకి చెంచాతో పాలు పట్టింది శిరీషే. అతను గొంతు పెంచి మాట్లాడుతున్నాడంటే అది కోపం కాదని వృషాలికి తెలుసు.

“నా మాట విను. మాత్ర పొడి చేసి దేంట్లోనైనా కలిపేద్దాం. ఆవిడకి తెలీదు. తెలీకపోతే దద్దుర్లూ రావు,” అన్నాడు.

“వస్తే?” అంది వృషాలి.

“రావని తేలుతుంది.”

ఇక్కడ వృషాలి ఆపవలసింది. ఎందుకంటే ఆమె పని అదే. ఊరి చివర మందులు పరీక్షించే సంస్థలో, కొన్ని మందులు కొందరి ఒంటికి మాత్రమే ఎందుకు పడవో ఎలుకల మీద చూసే విభాగం ఆమెది. మందు మొదలుపెట్టిన రెండు మూడు వారాలకి దద్దుర్లు రావడం కట్టుకథ కాదని ఆ ఇంట్లో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. కాని ముందురోజు సాయంత్రమే ఆయీ, ల్యాబునుంచి వచ్చిన ఆమెను గుమ్మంలో ఆపి, స్నానం చేసేదాకా వంటింట్లోకి రావద్దనీ ఎలుక వాసన తనకి పడదనీ మీనల్ ఎదురుగానే అంది. ఆ మాట ఇంకా పచ్చిగా ఉంది. అదీకాక, శిరీష్ చెప్పిన పద్ధతి మరీ మోటుగా ఉంది. మోటు పద్ధతి చూస్తే వృషాలి చేతులు ఊరుకోవు.

“అలా చేస్తే ఏమీ తేలదు,” అంది. “ఇచ్చేది నువ్వే, చూసేదీ నువ్వే. నీకు కావలసిందే నీకు కనిపిస్తుంది. చేస్తే పద్ధతిగా చెయ్యాలి.”

అని, పోహా పళ్ళెం పక్కకి జరిపి పద్ధతి చెప్పింది. రెండు డబ్బాలు ఉండాలి. ఒకదానిలో మందు కలిపినవి, రెండోదానిలో ఉత్తవి. ఏది ఏదో ఇచ్చేవాళ్ళకి తెలియకూడదు, చూసేవాళ్ళకి తెలియకూడదు. తెలిసిన మనిషి ఊళ్ళో ఉండకూడదు. వారం ఒక డబ్బా, వారం ఇంకో డబ్బా. చెబుతున్నకొద్దీ ఆమెకు అది ఎంత శుభ్రంగా ఉందో కనిపించి ముచ్చటేసింది. శిరీష్ తలూపాడు. మీనల్, తాను ఎలాగూ సాయంత్రం నాశిక్ బస్సెక్కుతోంది కాబట్టి తెలిసిన మనిషి తానే అవుతానంది. ప్రయోగం పద్ధతి సరిగ్గా ఉందా లేదా అన్నది ముగ్గురూ అన్ని వైపులా తిప్పి చూశారు. అసలు చెయ్యొచ్చా అన్నది ఎవరూ చూడలేదు.

దేంట్లో కలపాలన్నది తేలిగ్గా తేలింది. చలికాలం. ఆయీ పొద్దున్నే పాలతో మెంతి లడ్డూ తింటుంది. ఆ చేదు ముందు ఏ మాత్ర చేదూ నిలవదు.

లడ్డూలు వృషాలే చేసింది. మెంతులు అంతకుముందే వేయించి, పొడి చేసి, నెయ్యిలో నానబెట్టి పెట్టుకుంది ఆయీ, తాను చేసుకుందామని. కోడలు చేస్తానంటే ఆవిడ కొంచెంసేపు ఆమె మొహంలోకి చూసి, తుమ్మబంక వేయించేటప్పుడు మంట తగ్గించమని మాత్రం చెప్పి గదిలోకి వెళ్ళిపోయింది. వృషాలి బంకముక్కలు నేతిలో వేసింది. అవి పేలాల్లా పొంగి తేలాయి. ఖర్జూరప్పొడి, ఎండుకొబ్బరి, బెల్లం వేసి కలిపింది. చేతులకి నెయ్యి అంటి జిగేల్‌మంటుంటే, ముద్దను సమానంగా రెండు చేసి, మీనల్‌కి అప్పగించి బయటికి వచ్చింది. మీనల్ వంటింటి తలుపు వేసుకుంది. లోపల రోకలి చప్పుడు వినబడింది. తలుపు తీసేసరికి పసుపు మూత డబ్బా ఒకటి, ఆకుపచ్చ మూత డబ్బా ఒకటి షెల్ఫు మీద ఉన్నాయి. మీనల్ చేతులు కడుక్కుంటూ, “ఇక నన్నెవరూ ఏమీ అడక్కండి,” అంది గంభీరంగా.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో అందరికీ ఆయీ చేతుల మీద అకస్మాత్తుగా ప్రేమ పుట్టుకొచ్చింది.

మొదటిరోజు శిరీష్ గాజులు బాగున్నాయన్నాడు. అవి పన్నెండేళ్ళుగా ఆవిడ చేతికి ఉన్న గాజులే. మంగళవారం మీనల్ వీడియో కాల్ చేసి, గోరింటాకు పెట్టుకున్నావా, చూపించు, మోచేతి దాకా చూపించు అంది. బుధవారం శిరీష్ తల్లికి బీపీ చూస్తానని మిషను తెచ్చి, పట్టీ కుడిచేతికి కట్టి, విప్పి, ఎడమచేతికి కట్టి, చేతులు రెండూ టార్చి వెలుతురులో ఇటూ అటూ తిప్పాడు. బీపీ ఎక్కువగానే ఉంది. దద్దుర్లు మాత్రం లేవు.  ఆయీ ఆ సాయంత్రం నుంచి మణికట్టు దాకా ఉన్న ఉన్ని స్వెట్టరు వేసుకుని తిరగడం మొదలుపెట్టింది. చలిగా ఉందంది.

“చూశావా? పొద్దున మూడో లడ్డూ అయింది, ఒక్క మచ్చ లేదు. మొత్తం మనసులోదే,” అన్నాడు శిరీష్ గదిలోకొచ్చాక.

“ఏ డబ్బాలో మందుందో నీకు తెలీదు కదా.”

“తెలీదు. కానీ నాకు అనిపిస్తోంది.”

“అనిపించకూడదనే కదా ఇదంతా.”

ఇంట్లో మార్పు కనిపించింది నిజానికి ఒక్క నానాలోనే. ఆయన ఆ వారం ఎవరినీ తిట్టలేదు. పేపరు చదివి మడతపెట్టి పక్కన పెడుతున్నారు. రాత్రి వార్తల్లో ఇద్దరు నాయకులు ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే, ఎవరి బాధ వాళ్ళది అన్నట్టు చూస్తూ కూచున్నారు. కింద సందులో వాళ్ళ గేటుకి అడ్డంగా ఎవరో బండి పెట్టిపోతే, వాళ్ళకేం అవసరం వచ్చిందో అన్నారు. ఆ మాట విని వృషాలి పాలగిన్నె దించడం మర్చిపోయింది. వయసు మీద పడుతోంది కాబోలు అనుకుంది.

గురువారం పొద్దున వృషాలి జంతువుల విభాగంలోకి వెళ్ళేసరికి ఆమె ఎలుకలు ఎర్రబడి ఉన్నాయి.

చెప్పులు మార్చుకుని, టోపీ, మాస్కు తగిలించుకుని, రెండో తలుపు మూసుకున్నాక మొదటి పెట్టె కిందికి దించింది. గోధుమరంగు జాతివి, ఆడవి. ఈ మందుకి ఈ జాతిలో ఆడ ఎలుకలకే దద్దుర్లు వస్తాయి, మగవి అదే మందు తిని హాయిగా తిరుగుతాయి. ఎందుకో తేల్చడమే ఆమె విభాగం పని. ఈ గుంపుకి రెండు నెలల కిందట మొదటిసారి మందిచ్చినప్పుడు చెవులు ఎర్రబడటానికి వారం పట్టింది, చర్మం చిట్లడానికి ఇంకో రెండు వారాలు. ఆపేశారు. తగ్గిపోయింది. బొచ్చు మళ్ళీ నిండుగా వచ్చింది. నిన్న పొద్దున రెండోసారి ఇచ్చారు. ఒక్కరోజుకే ఇలా ఎర్రబడ్డాయి.

ఒకదాన్ని తోక మొదట పట్టుకుని ఎడమ మోచేతి మీద కూర్చోబెట్టుకుంది. అది ముఖం ఆమె కోటు మడతలో దూర్చింది. చెవిని వెలుతురుకి పెట్టి చూసింది. ఎరుపు ఎంతో పోల్చుకోవడానికి అట్టముక్క మీద అంటించిన నాలుగు ఎరుపుల వరుసలో ఆఖరి ఎరుపు. రెండోదీ అంతే. మూడోది ఎరుపు సంగతి అటుంచి, మూలకి ముడుచుకుని బొచ్చు నిక్కబొడుచుకుని కూచుంది. పట్టుకుంటే పట్టు తప్పించుకోవాలని కూడా చూడలేదు. వృషాలి దాన్ని అరచేతిలోనే ఉంచుకుని, పశువైద్యుణ్ణి పిలిపించి, దానికి ఇక మందు ఆపాలని చెప్పి, వేరే పెట్టెలోకి మార్చింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమెకు ఇల్లు గుర్తు రాలేదు. ఆ మాట తర్వాత తలుచుకుని సిగ్గుపడింది.

మధ్యాహ్నం కమిటీ కూర్చుంది. ఎలుక ఒంటి మీద సూది గుచ్చాలన్నా ఈ కమిటీ ఒప్పుకోవాలి. ఇందులో శాస్త్రంతో సంబంధం లేని మనిషి ఒకరు ఉండి తీరాలి. ఆ మనిషి నలినీబాయి. మరాఠీ బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. బటాటా వడ ముందుగా తినేసి, చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, అప్పుడు ప్రశ్నలు మొదలుపెడతారు. ఆమె కళ్ళజోడు పెట్టుకుంటే విభాగాధిపతి డాక్టర్ దామ్లే కుర్చీలో కాస్త నిటారుగా కూర్చుంటారు.

దామ్లే రెండో మోతాదు ప్రయోగానికి ఇంకొన్ని ఎలుకలు కావాలని అడిగారు.

“ఒకసారి ఇచ్చారు, ఒంటి మీద వచ్చింది. బాగానే ఉంది,” అన్నారు నలినీబాయి. “మళ్ళీ ఎందుకివ్వడం? ఆ ఎలుక మాట మీద నమ్మకం లేకనా?”

ఎవరో నవ్వారు. దామ్లే నవ్వలేదు. మొదటిసారి వచ్చినది మందువల్లే వచ్చిందో, ఇంకేదైనా కారణమో రెండోసారి ఇస్తేనే గాని రూఢి కాదని వివరించారు. ఒళ్ళు ఒకసారి పగబట్టిన మందుని గుర్తు పెట్టుకుంటుందనీ, రెండోసారి తొందరగానూ గట్టిగానూ వస్తుందనీ, ఆ గుర్తు ఎక్కడ ఉంటుందో వెతకడమే తమ పని అనీ చెప్పారు.

“మరి మనుషులకిచ్చి చూడొచ్చుగా, వాళ్ళైతే నోటితో చెబుతారు.”

“మనుషులకి అలా ఇవ్వకూడదు బాయీ. మొదటిసారి చర్మం మీద ఆగింది రెండోసారి లివరు దాకా దిగొచ్చు. ప్రాణం మీదికి రావచ్చు. తెలిసి తెలిసి ఎవరూ ఇవ్వరు. అందుకే కదా ఎలుకలు.”

వృషాలి చేతిలో వడ ఉంది. కొరికిన ముక్క నోట్లో ఉంది. అది ఎటూ కదల్లేదు.

“సరే, ఆ ఎలుకకి మరీ బాధగా ఉంటే ఆపేదెవరు?” నలినీబాయి వదల్లేదు.

“వృషాలీ మేడమ్ ఆపుతారు. ఈ రోజు పొద్దున కూడా ఒకదానికి ఆపారు,” అన్నారు దామ్లే గర్వంగా. అందరూ ఆమె వైపు చూశారు. నలినీబాయి మెచ్చుకోలుగా తలూపారు.

వృషాలి నీళ్ళు తాగి, కొంచెం ఒంట్లో బాగాలేదని చెప్పి లేచింది.

మెట్ల దగ్గర నిలబడి మీనల్‌కి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. సంక్రాంతి నెల కాబట్టి ఏ ఇంట్లోనో హళదీ-కుంకుం పేరంటంలో నువ్వుల ఉండలు పంచుతూ ఉంటుంది. శిరీష్‌కి చేసింది. ఏ డబ్బాలో మందుందని అడిగింది. “నాకెలా తెలుస్తుంది? నాకు తెలియకూడదని నువ్వే కదా అన్నావు,” అన్నాడు అతను. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఇంత లోపం లేని పద్ధతి ఆమె జీవితంలో ఇంకెప్పుడూ తయారుచెయ్యలేదు. ఆయీకి ఏమైందని అతను అడుగుతుండగానే పెట్టేసి ఆటో ఎక్కింది. ట్రాఫిక్‌లో ఆటో ఆగిన ప్రతిచోటా, మూలకి ముడుచుకున్న ఆ మూడో ఎలుక కనిపించింది. దాని వెనక ఓ కమిటీ ఉంది, పశువైద్యుడున్నాడు, బటాటా వడ తిని మరీ దాని తరఫున అడిగే మనిషి ఉంది. ఆయీకి ఎవరున్నారు? ఆపవలసిన మనిషే పద్ధతి రాసిచ్చింది.

ఇంట్లో టీవీ నడుస్తోంది. దాని ముందు నానా పడక్కుర్చీలో నోరు కొద్దిగా తెరుచుకుని ప్రశాంతంగా నిద్రపోతున్నారు. ఆయీ నేల మీద పేపరు పరుచుకుని బఠాణీలు వలుస్తోంది. స్వెట్టరు వేసుకునే ఉంది. వృషాలి చెప్పులతోనే రెండడుగులు లోపలికి వచ్చేసి, అప్పుడు చూసుకుని, విప్పి, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి రెండు డబ్బాలూ పట్టుకొచ్చింది.

“ముందు స్నానం చేసి రా,” అంది ఆయీ తలెత్తకుండానే. “ఎలుక వాసన.”

“ఆయీ, మీకు జ్వరం ఏమైనా ఉందా? నోట్లో మంట? కళ్ళు?”

“నాకేం? బాగానే ఉన్నాను.”

వృషాలి ఆవిడ ఎదురుగా నేల మీద కూచుంది. ఆటోలో ఓ పద్ధతి ప్రకారం చెప్పాలని అనుకున్న మాటలన్నీ పోయాయి. లడ్డూల్లో మాత్ర కలిపామని చెప్పింది. శిరీష్, మీనల్, తాను ముగ్గురం కలిసి చేశామనీ, పద్ధతి మాత్రం తనదేననీ చెప్పింది. అలా చెయ్యకూడదని తనకి అందరికంటే ఎక్కువ తెలిసి కూడా చేశానంది.

ఆయీ ఓ కాయ చీల్చి, బొటనవేలితో గింజలన్నీ ఒక్కసారి గిన్నెలోకి రాల్చింది.

“తెలుసు,” అంది.

“ఎలా తెలుసు?”

“పద్నాలుగేళ్ళయింది నువ్వీ ఇంటికొచ్చి. ఒక్క శీతాకాలం నాకు లడ్డూ చేసిపెట్టావా? పైగా ఆ శిరీష్, నా చేతుల వైపు తప్ప నా మొహం వైపు చూశాడా ఈ వారం? వాడికి చిన్నప్పటినుంచీ అబద్ధం ఆడటం రాదు. వాడి అక్కకి వచ్చు గాని అది మరీ ఎక్కువ చేస్తుంది.”

“మరి తిన్నారా?”

“ఒక్కటీ తిన్లేదు.”

వృషాలి గోడకి జారగిలబడింది. అప్పుడే ఆమె చేతిలో ఫోను మోగింది. మీనల్. స్పీకర్ మీద పెట్టింది. ఏమైంది, ఎందుకన్నిసార్లు చేశావంటూ గలగలా అడిగింది ఆవిడ, వెనక ఎవరో పాట పాడుతున్నారు. ఏ డబ్బాలో మందు కలిపావని వృషాలి అడిగింది.

“రెండిట్లోనూ,” అంది మీనల్.

“రెండిట్లోనా?”

“బీపీ ఉన్న మనిషికి ఉత్త లడ్డూలు పెట్టి ఓ వారం పాడు చెయ్యడం ఎందుకు? ఎందుకైనా మంచిదని రెండిట్లోనూ కలిపేశాను. నీ పద్ధతి మంచిదే వృషాలీ, కాదనను, కానీ తల్లి కదా.”

“పక్కనే ఉన్నాను మీనల్, వింటున్నాను,” అంది ఆయీ. ఫోను పెట్టేసిన చప్పుడైంది.

వృషాలి పసుపు మూత తీసింది. సగం డబ్బా ఖాళీగా ఉంది. ఆయీ తినకపోతే ఎవరు తిన్నారని అడగబోయి, ఆవిడ చూపు వెళ్ళిన వైపు చూసింది. పడక్కుర్చీలో నానా నిద్రలోనే చిరునవ్వు నవ్వుకున్నారు.

“ఆయనకి మెంతి లడ్డూ అంటే ప్రాణం. బొజ్జ పెరుగుతుందని నేను పెట్టను. ఈసారి నా వంతూ మీరే తినండి అన్నాను. ఎందుకని కూడా అడగలేదు,” అంది ఆయీ.

“అందులో మందుందని తెలిసి, ఆయనకెలా పెట్టారు?” వృషాలి గొంతు లేచింది.

ఆయీ మొదటిసారి తలెత్తి చూసింది. “మీరు నాకు పెట్టారు కదా. నా పిల్లలు నాకు పెట్టేది, ఆయనకి మాత్రం ఎందుకు పడదనుకున్నాను.”

వృషాలి లేచి బీపీ మిషను తెచ్చింది. పట్టీ బిగుస్తుంటే నానా మేలుకుని, ఏమైంది, ఎవరికేమైంది అన్నారు. కళ్ళు తిరుగుతున్నాయా, లేచి నిలబడితే తూలుతున్నట్టుందా, ఒంటి మీద దురదగా ఉందా అని ఆమె అడుగుతుంటే ఒక్కోదానికీ లేదు లేదు అంటూ, ఇన్నేళ్ళలో ఇంత హాయిగా ఎప్పుడూ లేనన్నారు. అంకె వచ్చింది. వృషాలి మళ్ళీ కొట్టి చూసింది. మళ్ళీ అదే అంకె. పాతికేళ్ళ కుర్రాడికి ఉండవలసిన అంకె.

“ఏ జబ్బూ లేని మనిషి నాలుగు రోజులుగా ఈ మందు తింటే ఈపాటికి కళ్ళు తిరిగి పడాలి,” అంది నెమ్మదిగా. “నానా, మీకు బీపీ ఉంది. చాలా రోజులుగా ఉండి ఉంటుంది.”

“నాకా? నాకెప్పుడూ లేదు.”

“ఎప్పుడైనా చూపించుకున్నారా?”

“లేనిదాన్ని ఎవరైనా చూపించుకుంటారా?” అన్నారు నానా. అయితే ఆ మాట అనడంలో కూడా కోపం రాకపోయేసరికి ఆయనకే అనుమానం వచ్చినట్టుంది. కాసేపు తన చెయ్యి తానే చూసుకుంటూ కూచున్నారు. మగ ఎలుకల సంగతి వృషాలికి గుర్తొచ్చింది. పైకి చెప్పలేదు.

రెండు డబ్బాల లడ్డూలూ చెత్తలో పారేసి, స్నానం చేసి వచ్చి, ఆయీ గది తలుపు దగ్గర నిలబడింది. లోపలికి రావచ్చా అని అడిగింది. ఆ ఇంట్లో ఆ ప్రశ్న అడగడం కూడా పద్నాలుగేళ్ళలో ఇదే మొదలు కాబట్టి ఆయీ కొంచెం తడబడి, రా అంది.

“ఆ దద్దుర్లు ఎక్కడ వచ్చాయో నాకు చూపిస్తారా?”

ఆయీ తలుపు వైపు చూసింది. వృషాలి వెళ్ళి గడియ పెట్టి వచ్చింది. అప్పుడు ఆవిడ అటు తిరిగి నిలబడి, చీర కుచ్చెళ్ళు సడలించి, నడుం కిందికి జార్చింది. నడుం వెనక నుంచి తొడల దాకా, మానిన గాయాల్లాంటి నల్లటి మచ్చలు, పెద్దవి, ఒకదానిలో ఒకటి కలిసిపోయినవి. నెలన్నర తర్వాత కూడా కొన్నిచోట్ల చర్మం పొట్టు లేస్తోంది. వృషాలి లైటు వేసింది. కళ్ళజోడు సరిచేసుకుని వంగింది. ల్యాబులో ప్రతి ఎలుక చెవినీ వెలుతురుకి పెట్టి చూసే కళ్ళు అవి. ఒకే ఇంట్లో, ఒకే బల్ల మీద అన్నం తినే మనిషి ఒంటిని ఇప్పుడు చూస్తున్నాయి.

“నోట్లో కూడా పొక్కాయా?”

“అన్నం మింగడానికి లేకపోయింది ఓ నాలుగు రోజులు. ఉపవాసం అన్నాను.”

“ఇవి డాక్టరుకి ఎందుకు చూపించలేదు ఆయీ?”

“ఎలా చూపించను? పక్కన శిరీష్ నిలబడ్డాడు. కొడుకు ముందు చీర విప్పనా? అయినా డాక్టరు నన్నెక్కడడిగాడు? ఎలా ఉంది అని వాణ్ణే అడిగాడు. వాడే చెప్పాడు. చేతులు చూపించమంటే చేతులు చూపించాను. చేతుల మీద లేవు.” కుచ్చెళ్ళు మళ్ళీ దోపుకుంటూ, “నేను చెప్పేది ఇంకా మిగిలుండగానే వాడు డాక్టరుకి థాంక్స్ చెప్పేశాడు,” అంది.

వృషాలి క్షమించమని అడగాలనుకుంది. ఆ మాటకి బదులు, జారిన పైట కొంగు తీసి ఆవిడ భుజం మీద వేసింది. “ఈ మాత్ర మీకు మళ్ళీ ఎవరూ ఇవ్వకూడదు. ఎప్పుడూ. దీని కుటుంబంలోది ఏదీ ఇవ్వకూడదు. ఏ డాక్టరైనా సరే ముందు ఈ మాట చెప్పండి,” అంది.

“నేను చెబితే వింటారా?”

“వింటారు. ఇవి చూపించండి.”

రాత్రి అన్నాల దగ్గర అందరూ ఉన్నారు. మీనల్ కూడా ఉంది, స్పీకర్ ఫోనులో, పచ్చడి సీసాకి ఆనించి నిలబెట్టి. శిరీష్‌కి వృషాలి అంతా చెప్పింది. మచ్చల సంగతి చెప్పినప్పుడు అతని మొహం తెల్లబోయింది. తల్లి పక్కనే కూచున్నాడు గాని తలెత్తి చూడలేకపోతున్నాడు. జొన్న భాకరీ తుంచి, ఆమ్టీ పప్పులో ముంచి, తినకుండా పళ్ళెంలో పెట్టి, అదే ముక్క మళ్ళీ ముంచుతున్నాడు. నానా మాత్రం ఎప్పటిలాగే తింటున్నారు.

“శనివారం సెలవు పెడతాను,” అన్నాడు చివరికి. “ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్దాం. పెద్దాయన. అన్నీ నేను వివరంగా చెబుతాను. మొదటినుంచీ చెబుతాను.”

“అవును, నువ్వు చెప్పు. నేను కూడా వస్తాను, బస్సులో మూడు గంటలు కూడా పట్టదు. వృషాలీ, నువ్వు ఆ ఎలుకల సంగతి చెప్పు,” అంది ఫోనులోంచి మీనల్.

ఆయీ నానా పళ్ళెంలో అన్నం వేసి, నెయ్యి వెయ్యబోయి, చెంచా వెనక్కి తీసుకుని గిన్నెలోనే ఉంచేసింది. తర్వాత తన పళ్ళెం ముందుకు లాక్కుంది.

“శనివారం నేను ఒక్కదాన్నే వెళ్తున్నాను,” అంది. గొంతు ఎత్తలేదు. “ఆడ డాక్టరు దగ్గరికి. భజనకి వచ్చే ఒకావిడ ఆ డాక్టరు పేరు చెప్పింది, ఫోను చేసి అడిగాను, పదకొండింటికి రమ్మన్నారు. రిక్షాలో వెళ్ళి రిక్షాలో వస్తాను. మీరెవరూ రావద్దు. బయట బెంచీ మీద కూడా కూర్చోవద్దు.”

  శిరీష్ చేతిలో ఉన్న భాకరీ ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

“సోమవారం మీ నాన్నని తీసుకెళ్తాను,” అంది ఆయీ అన్నం కలుపుకుంటూ. “ఆయనకి ఎక్కడెక్కడ ఎలా ఉందో నేను చెబుతాను. ఆయన నా పక్కన కూర్చుంటే చాలు.”